అయిదుసార్లు తిరిగొచ్చిన చెవి మిషన్

అది 2023 జూన్. గాజువాక మెయిన్ రోడ్డు మీద, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో నా క్లినిక్ నడుస్తోంది. నేను ఆడియాలజిస్టుని. చెవిలో గులిమి తీసే డాక్టర్ని కాదు, ఆపరేషన్ చేసేదాన్ని కాదు. ఈ మాట రోజుకు నలుగురికైనా చెప్పాల్సి వస్తుంది. వినికిడి ఎంత మిగిలిందో పరీక్ష చేసి, అవసరమైతే దానికి తగిన మిషన్ అమర్చి, అది అలవాటయ్యేదాకా వెంటపడటం నా పని. మొదటి రెండూ తేలిక. మూడోదే ప్రాణం తీస్తుంది.

మా వైపు ఈ పనికి కొదవ లేదు. చుట్టూ మిల్లులు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, పోర్టుకు పోయే లారీలు. ముప్పై ఏళ్ళు ఆ మోతలో పనిచేసి రిటైరైనవాళ్ళను కొడుకులో కూతుళ్ళో పట్టుకొస్తారు. పరీక్షకు ఒప్పుకుంటారు, మిషన్ కొంటారు, ఇంటికెళ్ళి బీరువాలో పెడతారు. ఆర్నెల్ల తర్వాత వచ్చి, పనిచెయ్యటం లేదని నాతో గొడవ పడతారు. పదహారేళ్ళుగా ఇదే వరస. అందుకని మిషన్ వెనక్కి తెచ్చిన మనిషిని చూడగానే తప్పు అతనిదేనని అనుకోవటం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు పోగొట్టిన కేసు ఇది.

సన్యాసిరావు గారికి అప్పటికి అరవై ఒకటి. ఎలమంచిలి దగ్గర పల్లెలో రైతు కుటుంబం. ఇరవై దాటగానే గాజువాక వచ్చి రోలింగ్ మిల్లులో చేరారు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలను సాగదీసే చోటు అది. పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గులు జేబులో వేసుకుని తిరిగేవాడినని ఆయనే చెప్పారు. వెంట భార్య నూకరత్నం గారు, అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేసే కూతురు లావణ్య వచ్చారు.

పరీక్ష చేశాను. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినపడుతోందో గీసే గ్రాఫును ఆడియోగ్రామ్ అంటాం. ఆయన గ్రాఫు కొండ మీంచి దొర్లినట్టు కిందికి పోయింది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

“మరి ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు?” అని అడిగాను.

“అమ్మ చెప్తే అర్థమైపోద్ది మేడమ్. మేం ఎంత అరిచినా అర్థం కాదు,” అంది లావణ్య.

ఆ మాట నేను కేసు షీటులో రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

వారం తర్వాత రెండు చెవులకూ మిషన్లు అమర్చాను. చెవి వెనక కూర్చునే చిన్న రకం. ఆన్ చెయ్యగానే ఆయన తల పైకెత్తి, “ఆ గరగర ఏటి?” అన్నారు. ఫ్యాను. ఆ తర్వాత కిటికీలోంచి కిందికి చూస్తూ ఆటో హారన్లను ఒక్కొక్కటిగా వింటూ కూర్చున్నారు. నేను నూకరత్నం గారిని ఆయన వెనక కూర్చోబెట్టి, ఏదైనా అడగమన్నాను.

“ఏటడగాల?” అని నన్నే అడిగి, తర్వాత మెల్లగా, “ఏటండీ, ఇనబడతన్నాదా?” అన్నారు.

“ఆఁ, ఇనబడతన్నాది,” అన్నారాయన, చూపు కిటికీలోంచి తిప్పకుండానే.

లావణ్య కళ్ళు తుడుచుకుంది. ఈ ఉద్యోగంలో నాకు దక్కే సుఖమంతా ఆ నిమిషంలోనే ఉంటుంది కాబట్టి నేనూ పొంగిపోయాను. నూకరత్నం గారు మాత్రం, “ఇటు తిరక్కండానే ఇనబడిపోద్దేటి మేడమ్?” అని అడిగారు.

“వంటింట్లోంచి పిలిచినా పలుకుతారమ్మా,” అన్నాను గర్వంగా.

ఆవిడ తల ఊపారు.

ఇక బ్యాటరీలు. ఈ మిషన్లలో వేసేవి చొక్కా గుండీ కన్నా చిన్నవి. మీద అంటించిన స్టిక్కరు తీస్తే గాలి తగిలి పనిచెయ్యటం మొదలెడతాయి, వారం పది రోజులొస్తాయి. సన్యాసిరావు గారి వేళ్ళు కాలిన మచ్చలతో మొద్దుబారిపోయి ఉన్నాయి. మూడుసార్లు ప్రయత్నించి మూడు బ్యాటరీలూ నేల మీద పడేశారు. దాంతో బ్యాటరీ మార్చటం, కొసన ఉండే వాక్స్ గార్డు మార్చటం రెండూ నూకరత్నం గారికి నేర్పాను. వాక్స్ గార్డంటే గులిమి లోపలికి పోకుండా అడ్డుపడే తెల్లటి జల్లెడ, ఆవగింజంత ఉంటుంది. ఆవిడ ఒక్కసారికే పట్టేశారు. “మీకు ఇంట్లోనే టెక్నీషియన్ ఉన్నారండీ,” అని ఆయనతో నేనే అన్నాను.

పది రోజులకు తిరిగొచ్చారు.

“పొద్దున్న బాగానే ఉంటాది మేడమ్. సాయంత్రం సచ్చిపోద్ది,” అన్నారు సన్యాసిరావు గారు.

పొద్దున్న పది గంటలకు తెచ్చారు కాబట్టి మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నాకు ఇంతకన్నా చిరాకు తెప్పించే కంప్లయింటు లేదు. పూర్తిగా చచ్చిపోయిన మిషన్ అయితే చూడగానే తెలుస్తుంది. సాయంత్రాలు మాత్రం చచ్చిపోయే దాన్ని పొద్దున్న ఎలా చూసేది? శుభ్రం చేసి పంపాను. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చారు, ఈసారి నేను చెప్పినట్టే సాయంత్రం. మిషన్లు నిజంగానే మూగబోయి ఉన్నాయి. బ్యాటరీలు తీసి టెస్టర్లో పెడితే రెండూ ఖాళీ. కొత్తవి వేస్తే చక్కగా పలికాయి.

“వీటిని ఎప్పుడు మార్చారమ్మా?”

“మొన్ననే కదా మేడమ్,” అన్నారు నూకరత్నం గారు.

కొత్తవి వేసి పంపితే మూడోసారీ ఖాళీ బ్యాటరీలతోనే వచ్చారు. రెండు రోజుల్లో బ్యాటరీ తాగేస్తోందంటే లోపల ఏదో లోపం ఉండాలి. కంపెనీ సర్వీసు సెంటరుకు పంపాను. పదిహేను రోజులు దగ్గర పెట్టుకుని, ఏ లోపమూ లేదని కాగితం జత చేసి తిప్పి పంపారు. ఫోన్ చేసి గొడవ పడ్డాను. “మేడమ్, మీ పేషెంటుకు వాడటం వస్తుందా?” అని అడిగాడు అవతలి మనిషి. నా చిరాకు అతని మీది నుంచి పేషెంటు మీదికి మళ్ళింది.

తిరిగొచ్చిన మిషన్లు ఇచ్చి పంపిన వారానికే నాలుగోసారి ప్రత్యక్షమయ్యారు. ఈసారి కంప్యూటరుకు తగిలించి డేటా లాగింగ్ చూశాను. మిషన్ రోజుకు ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో లోపలే నమోదవుతుంది. ఇది తెలియక చాలామంది నా ముందు అబద్ధాలాడతారు. సగటున అయిదు గంటలు అని చూపించింది.

“రోజంతా పెట్టుకుంటున్నానన్నారు కదండీ?”

“రోజంతా సెవిలోనే ఉంటాది. పొద్దున్న పెడతాను, మద్దేనం పడుకున్నప్పుడు తీత్తాను, లేసి మళ్ళీ పెడతాను.”

“ఇది అయిదు గంటలే చెబుతోంది.”

“అది తప్పు సెప్తన్నాది.”

నా సహనం అక్కడితో అయిపోయింది. “మిషన్ తప్పు చెప్పదండీ. పెట్టుకోవటం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మీ టైమూ నా టైమూ ఇలా పాడుచెయ్యకండి. వాడకపోతే మెదడు మాటల్ని మర్చిపోతుంది, తర్వాత ఎంత మంచి మిషన్ పెట్టినా లాభం ఉండదు,” అని స్కూలు పిల్లాడికి పెట్టినట్టు క్లాసు పెట్టాను. ఆయన ముఖం ఎర్రబడింది. భార్య వైపు చూశారు, తన తరఫున ఆవిడ ఒక మాట చెబుతారన్నట్టు. ఆవిడ గోడ మీది చార్టు చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజే, ఎందుకైనా మంచిదని, ఇచ్చిన ప్రతి కొత్త బ్యాటరీ మీదా సన్నటి పెన్నుతో చుక్క పెట్టి పంపాను. పాతవన్నీ పారెయ్యమని చెప్పాను. ఇంటికెళ్ళి మా ఆయనకు ఈ గోలంతా చెప్పుకొచ్చాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా “ఊఁ” అన్నారు. ఆయన చెవులకు ఏ లోపమూ లేదు, పరీక్ష నేనే చేశాను.

తర్వాతి వారం ఒక పొద్దున్న నేను తాళం తీసేసరికే మెట్ల మీద లావణ్య నిలబడి ఉంది. వెనక అమ్మానాన్నలు. సన్యాసిరావు గారి కుడి మోచేతికి పెద్ద కట్టు, చెంప మీద గీరుకున్న గాయం.

ముందురోజు సాయంత్రం కూర్మన్నపాలెం దగ్గర చేపలు కొనుక్కుని రోడ్డు దాటుతుంటే వెనక నుంచి టిప్పర్ లారీ వచ్చింది. హారన్ మీద హారన్ కొట్టాడట. చుట్టూ జనం అరిచారట. ఈయనకు ఏమీ వినపడలేదు. ఎవరో చొక్కా పట్టుకుని లాగేస్తే డివైడరు మీద పడ్డారు. లారీ చేపల సంచి మీంచి వెళ్ళిపోయింది.

“చెవుల్లో మిషన్లు ఉన్నాయి మేడమ్,” అంది లావణ్య. గొంతు పెంచలేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. “రాత్రే తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా. ఇవిగో. మా నాన్న వాడట్లేదని తిట్టారంట కదా మీరు. చూడండి, ఏం లోపమో. నాకు కంపెనీ బస్సుంది, మధ్యాహ్నం ఫోన్ చేస్తాను.”

మిషన్లు తీసుకున్నాను. నేను అమర్చిన మిషన్ పెట్టుకుని ఒక మనిషి చావు దాకా వెళ్ళొచ్చారు. సన్యాసిరావు గారికి వినికిడి ఇంకా తగ్గిందేమో చూద్దామని, శబ్దం లోపలికి రాని పరీక్ష గదిలో కూర్చోబెట్టాను. నా దగ్గర పనిచేసే సునీత హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష మొదలుపెట్టింది. నేను బయట టేబుల్ దగ్గర మిషన్లు విప్పాను. ఎదురుగా నూకరత్నం గారు.

బ్యాటరీలు చూశాను. రెంటి మీదా నేను పెట్టిన చుక్కలున్నాయి. టెస్టర్లో నిండుగా ఉన్నాయి. మరి శబ్దం ఎందుకు రావటం లేదు? కొసలు భూతద్దం కింద పెట్టాను. రెండు వాక్స్ గార్డులూ పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. గులిమి అయితే పసుపుగానో గోధుమ రంగులోనో ఉంటుంది. ఇది తెల్లగా, మెత్తగా, అదిమి మెత్తినట్టుంది. సూదితో కొంచెం తీసి వాసన చూశాను.

ముఖానికి రాసుకునే పౌడర్.

తలెత్తాను. నూకరత్నం గారి మెడ మీద, చెమటకు చారలు కట్టి, అదే పౌడర్.

సూది పక్కన పెట్టాను. ఆవిడే, “నానే మేడమ్,” అన్నారు.

“బ్యాటరీలు?”

“అవీ నానే. పాతవి పారేయకుండా దాసినాను. మద్దేనం ఆయన పడుకున్నప్పుడు మార్సీసీదాన్ని. పొద్దున్న మళ్ళీ మంచివి ఏసీదాన్ని. మీరు సుక్కలు పెట్టేసినారు, మరింక ఏటి సెయ్యాలో తెలీక...”

రెండు నెలలు. సర్వీసు సెంటరుతో గొడవ, కూతురి ఫోన్లు, నా క్లాసు, ఇప్పుడు ఆ మోచెయ్యి. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎందుకమ్మా? ఆయన వినటం మీకు ఇష్టం లేదా?” అని అడిగాను, అడగాల్సిన దానికన్నా గట్టిగానే.

ఆవిడ పరీక్ష గది అద్దం వైపు ఒకసారి చూసి చెప్పటం మొదలుపెట్టారు.

“మాది పద్మనాభం కాడ పల్లెటూరు. ఇంటినిండా జనం మాకు. పందొమ్మిదేళ్ళకి పెళ్ళైపోయి ఇక్కడ ఒక్క గదిలో పడ్డాను. ఎవులూ తెలీదు. పగలంతా మాటలు దాసుకునీదాన్ని, ఈయనొచ్చాక సెప్పాలని. ఈయనొచ్చి, తినీసి, గోడకేసి తిరిగి పడుకునీవోడు. ఏడుపొచ్చీది. ఓ ఏడెనిమిదేళ్ళు అలగే ఎదురు సూసినాను. మరి పిల్ల పుట్టినాది. ఇంక నాకు ఈయన మాట అక్కర్లేకపోయింది. పిల్లతోనే నా కబుర్లన్నీ. ఈయన డూటీకి ఎల్తే ఇంట్లో జాగా దొరికినట్టుండీది, అబద్ధమెందుకు. అలగే ఇరవై ఏళ్ళు పైన గడిసిపోనాది. ఆయన తిండి ఆయనకి పెట్టీడం, జొరమొత్తే మాత్రిచ్చీడం. అంతే.”

“తర్వాత?”

“పిల్ల ఉజ్జోగానికి ఎల్లిపోనాది. ఈయనకి సెవుడొచ్చినాది. అప్పుడు సూసినాడు మేడమ్ నా మొకం. పెదాలు సూత్తే గాని తెలీదు కదా మరి. కూరలో ఉప్పు సాలిందా అంటే, ఎదరకొచ్చి కూకుని సూసీవోడు. స్నేహితులూ ఫోన్లూ అన్నీ పోనాయి, నానొక్కదాన్నే మిగిలాను. సాయంత్రమైతే డాబా మీద కుర్సీలు ఏసుకుని కూకునీవోళ్ళం. పెళ్ళైన కాడ్నుంచి దాసుకున్నవన్నీ సెప్పినాను. కన్నార్పకుండా సూసీవోడు. యాబై దాటినాక నాకేటో సిగ్గేసీది. పౌడర్ రాసుకునీదాన్ని.”

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకున్నారు.

“మిషన్ పెట్టినాక మళ్ళీ గోడకేసి తిరిగిపోనాడు. ఇనబడతన్నాది కదా, ఇంక సూడ్డమెందుకు? టీవీ సూత్తా ఊఁ అంటాడు, ఫోన్ సూత్తా ఊఁ అంటాడు. పొద్దున్నంతా పెట్టుకో, నానేటనను. సాయంత్రాలొక్కటీ నాకు కావాలనుకున్నాను. ఆ సాయంత్రం సేపలకి ఎల్తాడని నాకు తెలీదు మేడమ్. నాను పడుకుని లేసీసరికే ఎల్లిపోనాడు. కట్టు కట్టించుకుని ఒచ్చినప్పుడు...”

నేను మిషన్ల గార్డులు మార్చటంలో పడ్డాను. కోపం పోలేదు. కానీ అది ఎటు పోవాలో దానికే తెలియనట్టుంది. వంటింట్లోంచి పిలిచినా పలుకుతారని గర్వంగా చెప్పింది నేనే కదా.

“ఆయనకి సెప్పకండి,” అన్నారు.

“నా పేషెంటు ఆయనమ్మా. చెప్పకుండా కుదరదు. కానీ నేను చెబితే ఇంకోలా ఉంటుంది. మీరే చెప్పండి. ఇవాళే, ఇక్కడే.”

పరీక్ష అయిపోయింది. వినికిడి ఏమీ మారలేదు. సన్యాసిరావు గారు బయటకొచ్చి కూర్చున్నారు. మిషన్లు ఇంకా నా టేబుల్ మీదే ఉన్నాయి. తొడుగుదామని చెయ్యి చాపాను. నూకరత్నం గారు వద్దన్నట్టు తల ఊపి, స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

అప్పుడు చూశాను. ఆవిడ గొంతు వాడలేదు. పెదాలు మాత్రం కదిలాయి, మధ్యమధ్య రెండు వేళ్ళు. మనలాగే మామూలు వేగంతో మాట్లాడారు, ఒక్క శబ్దం లేకుండా. నాలుగు అడుగుల దూరంలో ఉన్న నాకు ఒక్క మాట అర్థం కాలేదు. ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆయన జవాబులు మాత్రం కింద షాపు దాకా వినిపించాయి.

“ఏటి?”

ఆవిడ పెదాలు.

“ఎవులు? నువ్వా?”

మళ్ళీ పెదాలు. వేళ్ళతో గుండ్రంగా ఏదో చూపించారు.

“బ్యాటరీలు కూడానా?”

ఆయన తన మోచేతి కట్టు వైపు చూసుకున్నారు. “సచ్చిపోదును కదే,” అన్నారు. లేచి, మిషన్లు లేకుండానే, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

కింద గాజువాక మెయిన్ రోడ్డు. చెవులు లేని మనిషి. బయట ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉండగా నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను, వెనక నూకరత్నం గారు. అదృష్టం కొద్దీ ఆయన రోడ్డు దాకా పోలేదు. కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ దిగి వెళ్ళి ఆయన పక్కన కూర్చోబోయి, ఆగి, రెండు మెట్లు కిందకి దిగి ఆయన ముఖానికి ఎదురుగా నిలబడ్డారు. అప్పటికే ఆయన్ని దాటి కిందికి దిగిన నాకు ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది.

“సెప్పొచ్చు కదా,” అన్నారాయన. “నోరున్నాది కదా నీకు. ఇలగ సూడయ్యా అంటే సూడనా?”

ఆవిడ ఏదో అన్నారు.

“అప్పుడా? అప్పుడేటి తెలుసు నాకు. మిల్లులోంచి వత్తే బుర్రలో ఇంకా మోత ఆగీది కాదు. నీ మాటనే కాదు, ఎవులు మాటాడినా సుత్తి ఎట్టి కొట్టినట్టుండీది. గోడకేసి తిరిగితే కొంచెం తగ్గీది. నీకు సెప్పలేదు. నీ మీద కోపమనుకున్నావా?”

ఆవిడ తల ఊపారు. మందుల షాపు దగ్గరి జనం అందరూ ఇటే చూస్తున్నారు.

“ముప్పై ఆరేళ్ళు అలగే అనుకున్నావా?” అన్నారాయన మళ్ళీ. ఈసారి ఆయన గొంతు తగ్గింది.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాస్తే బాగుంటుంది, కానీ అలా జరగలేదు. పైకి వచ్చాక నేను ఆయనకు మిషన్లు తొడిగి, ముందు వారం అన్నందుకు క్షమించమని అడిగాను. “పోన్లెండి మేడమ్,” అన్నారు, కానీ భార్యతో మాట్లాడకుండానే వెళ్ళారు. తర్వాత నెల రోజులు మిషన్లను ఆవిణ్ని ముట్టుకోనివ్వలేదట. మొద్దుబారిన వేళ్ళతో తనే బ్యాటరీలు మార్చుకుని, సగం నేల పాలు చేసి, దొరక్క, కొత్త ప్యాకెట్ కోసం వారానికోసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా నాకు గంట పట్టేది. లావణ్యకు విషయం తెలిసి తల్లితో మాట్లాడటం మానేసింది. మధ్యలో ఫోన్ చేసి, “అమ్మకి ఈ వయసులో ఇదేం పిచ్చి మేడమ్?” అని నన్ను అడిగింది. ఆ పిల్లకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ నెలలోనే పెళ్ళి కుదిరింది. కాబోయే భర్త పొద్దున్నే మెసేజ్ పెట్టకపోతే ఆ రోజంతా తనకు పని సాగదని అదే ఫోనులో, నవ్వుతూ చెప్పింది. ఈ రెండు మాటలకూ ఉన్న చుట్టరికం ఆమెకు తట్టలేదు. నాకు మటుకు అంతకు ముందు ఎప్పుడు తట్టింది గనక.

సెప్టెంబరులో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చారు. బ్యాటరీ డబ్బా ఆవిడ సంచిలో ఉంది. అది చూసి నేను అడగాల్సిందేమీ లేదనుకుని మిషన్లు కంప్యూటరుకు తగిలించాను. డేటా లాగింగ్ తొమ్మిది గంటలు చూపించింది. బాగుంది. కానీ మధ్యాహ్నం నిద్ర తీసేసినా రోజుకు పన్నెండు రావాలి.

నాకు మళ్ళీ పాత చిరాకు వచ్చింది. నూకరత్నం గారి వైపు చూశాను.

“నాను కాదు,” అన్నారావిడ వెంటనే.

“నానే తీసేత్తన్నాను మేడమ్,” అన్నారు సన్యాసిరావు గారు. “సాయంత్రం డాబా మీదకి ఎల్లినప్పుడు. రత్నం మాటాడీటప్పుడు ఇవెందుకు, అడ్డం.”

“మాట్లాడేటప్పుడు వినటానికే కదండీ ఇవి,” అన్నాను.

“మిగతావోళ్ళవి ఇనడానికి పెట్టుకుంటన్నాను కదా. రోడ్డు మీద పెట్టుకుంటన్నాను, బజారుకి పెట్టుకుంటన్నాను, కాబోయే అల్లుడు ఫోన్ సేత్తే పెట్టుకుంటన్నాను.”

మిషన్ పెట్టుకుని కూడా ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చని, చూపూ వినికిడీ కలిస్తే ఇంకా మంచిదని, మెదడుకు రోజంతా శబ్దం కావాలని నేను చదువుకున్నదంతా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. “అలగేనండి,” అన్నారు. వచ్చే నెల చూస్తే మళ్ళీ తొమ్మిది గంటలే. ఆ పై నెలా అంతే. నాకు విసుగొచ్చి ఆ విషయం ఎత్తటం మానేశాను. రిపోర్టులో తొమ్మిది అనే రాసి, పక్కన ‘చాలు’ అని రాసుకున్నాను. మా పాఠ్యపుస్తకాల్లో అలాంటి మాట లేదు.

కాలేజీలో మాకు చెవి గురించి అయిదేళ్ళు చెప్పారు. ఒక మనిషికి పక్కమనిషి నుంచి ఏం కావాలో అది వయసుతో మారిపోతుందని, ఇరవైల్లో మాట కోసం ఏడ్చిన మనిషికి నలభైల్లో ఆ మాటే అక్కర్లేకుండా పోవచ్చని, అరవై దగ్గర పడ్డాక కేవలం ఒక చూపు కోసం చెయ్యరాని తప్పు చెయ్యొచ్చని ఎవరూ చెప్పలేదు. చెవుడు వచ్చిన ఇంట్లో కూడా వాళ్ళదంటూ ఒక ఏర్పాటు కుదిరి ఉంటుంది. నేను మిషన్ పట్టుకుని వెళ్ళి ఆ ఏర్పాటును కదిలిస్తాను. బాగు చెయ్యటానికే వెళ్తాను, సందేహం లేదు. అయినా కదిలిస్తాను.

అందుకని ఇప్పుడు నా కేసు షీటులో ఒక ప్రశ్న ఎక్కువైంది, అది పేషెంటుకు కాదు, వెంట వచ్చినవాళ్ళకు. ఇంట్లో మీరిద్దరూ ఎలా మాట్లాడుకుంటారు అని అడుగుతాను. మిషన్ ఇచ్చే రోజు వాళ్ళను విడిగా కూర్చోబెట్టి చెబుతాను: “రేపటి నుంచి ఆయన మీ వైపు చూడకుండానే వింటారు. మూడు రోజులు సంతోషంగా ఉంటుంది. ఆ తర్వాత బాధనిపిస్తే వచ్చి నాతో చెప్పండి, మిషన్ జోలికి మాత్రం పోకండి.” చాలామంది నవ్వేస్తారు. ఈ సెవిటి గోల పోతే అదే పదివేలు అంటారు. కొంతమంది నవ్వరు. ఆయనకేసి ఒకసారి చూసి, తల దించుకుని, చీర అంచు సరిచేసుకుంటారు.

అందరికీ నెల తర్వాత రమ్మని రాసిస్తాను. వాళ్ళకు మాత్రం వారానికే రమ్మని రాస్తాను.